ఎత్తు మీద ఆగే వ్యాను

వ్యాను ఆగిపోయిందంటే నాకు కోపం రాదు. పాత బండి, ఆగుతుంది. మోకాళ్లు పట్టేసి మెట్ల మీద నేనే ఆగిపోతున్నాను, అదెంత! కానీ అది ఎక్కడ ఆగిందో విన్నప్పుడే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా తోట ఆగిరిపల్లి వైపు. ఇల్లు నూజివీడులో. మధ్యలో రోడ్డు ఒకచోట ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు మీద, సరిగ్గా సంతోష్ కుమార్ కాయల షెడ్డుకు ఎదురుగా మా వ్యాను ఆగిపోతోంది. ఒకసారి ఆగితే ఖర్మ అనుకుంటాం, రెండోసారి ఆగితే గ్రహచారం అనుకుంటాం. వారం రోజులుగా అదే వరస. పొద్దున ఖాళీగా తోటకు వెళ్లేటప్పుడు దానికి ఏ రోగమూ ఉండదు, గుర్రంలా పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు, వెనక బంగినపల్లి కాయలు నిండుగా ఉన్నప్పుడే, ఆ షెడ్డు ముందుకు రాగానే దాని ప్రాణం పోతుంది. కాసేపు ఎండలో నిలబడి, మళ్లీ దానంతటదే స్టార్టవుతుంది. ఇది మీకెవరైనా చెబితే మీరేమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను.

సంతోష్ కుమార్ ఎవరో చెప్పాలి. ఒకప్పుడు మా తోట కాపు పూత మీదే కొనుక్కునేవాడు. తూకం దగ్గర అతనికీ నాకూ చెడింది. అప్పటి నుంచి నేనే కోయించి, నేనే పెట్టెల్లో సర్దించి, విజయవాడ అపార్టుమెంట్ల వాళ్లకు నేరుగా పంపుతున్నాను. పుష్పవతి గారి కాయ అంటే మచ్చలేని కాయ అని అక్కడ పేరు. ఆ పేరు చూసి సంతోష్ కుమార్ కడుపు మండుతుందని నాకు తెలుసు. అతను ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. అననివాడితోనే జాగ్రత్తగా ఉండాలి.

వ్యాను నడిపేది పరదేశి. మీసం రాని వయసులో మా నాన్న దగ్గర లారీ క్లీనరుగా చేరాడు. నాన్న పోయే ముందు తోట నా పేరున రాశారు, తను ఆఖరున కొన్న ఈ పెట్రోలు వ్యాను నాకిచ్చారు. పరదేశిని ఎవరూ ఇవ్వలేదు, వ్యాను వెనకే అతనే వచ్చాడు. నాకు యాభై దాటినా ఇప్పటికీ నన్ను ‘అమ్మాయిగారూ’ అనే పిలుస్తాడు. బజారులో అలా కేకేస్తే ఎవరో పడుచుపిల్ల కాబోలని జనం వెనక్కి తిరిగి, నన్ను చూసి మూతి బిగించుకుంటారు. వద్దురా నాయనా అన్నా వినడు.

ఇక కాయల సంగతి. మామిడికాయ కోయగానే అయిపోదు. ముచ్చిక, అదే తొడిమ, విరిచి, కాయను బోర్లించి, సొన కారనివ్వాలి. ఆ సొన తొక్క మీద పడితే కాలినట్టు నల్లమచ్చ పడుతుంది. అందుకే అందరూ చెట్టు కిందే గడ్డి పరిచి, కాయలు బోర్లించి, ఒక పూట వదిలేస్తారు. నేను వదలను. పూటంతా కాయ చెట్టు కింద పడి ఉంటే దారిన పోయేవాడి చెయ్యి ఊరుకుంటుందా? పోయిన ఏడాది ఒక బుట్టెడు కాయ అలాగే మాయమైంది. ఎవరిని అడిగినా ‘ఏమోనండి’ అన్నవాడే. అందుకని ఈ ఏడు కోత మొదలైనప్పటి నుంచీ కొత్త పద్ధతి పెట్టాను. వ్యాను వెనక సీట్లు పీకించి, వెదురు తడికలు అంతస్తులుగా కట్టించాను. కోసిన కాయ కోసినట్టే వ్యానెక్కాలి, తడికల మీద బోర్లా పడుకోవాలి, తలుపుకు తాళం పడాలి. సొన దారంతా కారుతుంది, ఇంటికొచ్చాక నా కళ్ల ముందు కారుతుంది. సాయంత్రం బక్కెట్లతో నీళ్లు కొట్టి లోపలంతా కడిగిస్తాను. ఈ ఉపాయం పూర్తిగా నాదే. చూసి మా ఆయన, “నీ అనుమానానికి నాలుగు చక్రాలు పెట్టించావు పుష్పా,” అన్నారు.

“చాల్లే సంబడం,” అన్నాను.

వ్యాను మొదటిసారి ఆగగానే బసవపున్నారావుకు చూపించాం. నూజివీడు బస్టాండు దగ్గర బండ్ల కరెంటు పని చేస్తాడు. చేతుల కన్నా నోరు ఎక్కువ పనిచేస్తుంది. వ్యాను వెనక నేల మీద రబ్బరు పట్టా ఒక మూల ఎత్తి, చిన్న రేకు మూత విప్పాడు.

“దీని పంపు ట్యాంకులోనే, పెట్రోల్లో మునిగి ఉంటదండి. కరెంటు మీద తిరిగి ఇంజనుకి పెట్రోలు తోస్తది. తాళం తిప్పగానే వెనక జుయ్యిమని ఇనపడాలి. ఇనపడకపోతే పంపు పోయినట్టే,” అన్నాడు. పంపు వైరు ప్లగ్గు ఊడబీకి దానికి చిన్న బల్బు పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది. “చూశారా! కరెంటు బ్రహ్మాండంగా వస్తుంది. అంటే తప్పు పంపుది.”

కొత్త పంపు వేశాడు. మర్నాడు వ్యాను అదే ఎత్తు మీద, అదే షెడ్డు ముందు ఆగింది. ఫ్యూజు మార్చాడు. ఆగింది. రిలే అని ఇంకో నల్లడబ్బా ఉంటుంది, అదీ మార్చాడు. అయినా ఆగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, “ఈమధ్య పెట్రోల్లో కల్తీ ఎక్కువైందండి,” అన్నాడు. నాకు అతని మీదే అనుమానం వచ్చింది. కొత్త పంపని చెప్పి పాతదే తోమి పెట్టాడేమో ఎవరికి తెలుసు? దుకాణానికి వెళ్లి, తీసేసిన పాత పంపు చూపిస్తే గానీ కదలనని స్టూలు లాక్కుని కూర్చున్నాను. చూపించాడు. తిప్పి తిప్పి చూశాను. నిజంగా పాతదే.

ఆ తర్వాత మా ఆయన మీద వచ్చింది. వెంకటకృష్ణారావు గారికి ఆ వ్యానంటే మొదటి నుంచీ చిన్నచూపు, మామగారిది కదా. ఫోనులో ఎప్పుడు చూసినా కొత్త బండ్ల బొమ్మలే. ఇది పాడైతే అది కొనొచ్చు. ఒక పొద్దున వ్యాను దగ్గర నిలబడి ఉన్నారు.

“ఏవండీ, అక్కడేం చేస్తున్నారు?”

“చెప్పులు వేసుకుంటున్నానే.”

“చెప్పులు గుమ్మం ముందు విడుస్తారు గానీ, చక్రం పక్కన ఎవరైనా విడుస్తారా?”

ఆయన రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని నా ముందుకు వచ్చి, కాళ్ల దగ్గర పెట్టి, “సోదా చేసుకో,” అన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

అప్పుడే ఆయన ఆ మాట అన్నది. “నన్ను అనుమానించావు, మెకానిక్కును అనుమానించావు. అసలువాణ్ణి వదిలేశావు. పంపు మారింది, ఫ్యూజు మారింది, రిలే మారింది. మారనిది డ్రైవరొక్కడే.”

“పరదేశి అలాంటివాడు కాదు.”

“కాకపోతే ఖాళీ వ్యాను ఎందుకాగదు? ఇంకెక్కడా ఎందుకాగదు? నీకు పడని మనిషి షెడ్డు ముందే ఎందుకాగుతుంది? ఆ ఆగిన కాసేపట్లో ఏం దిగుతుందో, ఏం ఎక్కుతుందో నువ్వు చూశావా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. సోమవారం నుంచి వేరే మనిషిని రమ్మన్నాను.”

నేను కాదనలేదు. ఆ రోజు కాయలు దించుతుంటే తడికల్లో ఖాళీలు ఎక్కువ కనిపించినట్టే ఉంది. పరదేశి చొక్కా జేబు బరువుగా ఉన్నట్టే ఉంది. మనసులో అనుమానం పడ్డాక కళ్లు దానికే జీతగాళ్లవుతాయి. అన్నం తింటున్నా, పూజ చేస్తున్నా ఆ షెడ్డే కనపడేది. నాన్న పెంచిన మనిషి నన్ను మోసం చేస్తున్నాడా అనుకుంటే ఏడుపొచ్చేది, ఏడుపు వెనకే కోపం వచ్చేది.

సాయంత్రం వ్యాను కడిగి, తాళంచెవి ఇవ్వడానికి పరదేశి వరండాలోకి వచ్చాడు. ఊరుకుంటే బాగుండేది. నా నోరు ఊరుకోదు.

“పరదేశీ, ఆ షెడ్డు ముందు వ్యాను నువ్వే ఆపుతున్నావా?”

“నేనెందుకు ఆపుతానండి అమ్మాయిగారూ? అదే ఆగిపోతుంది.”

“అయితే ఒట్టెయ్యి.”

“ఏస్తానండి. నా మీద ఒట్టు.”

“నీ మీద కాదు. మీ అనూష తల మీద చెయ్యిపెట్టి ఒట్టెయ్యి. పిల్లను పిలిపించు.”

అనూష అతని ఒక్కతే కూతురు. పరదేశి తాళంచెవి వంక చూశాడు. “పిల్ల మీద ఎయ్యనండి,” అన్నాడు.

“నిజమైతే భయమెందుకు?”

“భయం కాదండి. మధ్యలో పిల్లేం చేసింది?”

నాకు అదే చాలు అనిపించింది. చూశారా, వేయనన్నాడు! తప్పు లేనివాడైతే నిమిషంలో వేసేవాడు కదా! లోపలి నుంచి మా ఆయన దగ్గారు, విన్నావా అన్నట్టు.

“సోమవారం నుంచి వేరే డ్రైవరు వస్తాడు,” అన్నాను.

“రానివ్వండి. బండికి ఏమైందో తేలేదాకా మాత్రం నేను పోనండి. ఇప్పుడు పోతే దొంగతనం బయటపడి పోయాడంటారు. మా ఊళ్లో తలెత్తుకు తిరగలేను. రేపు బసవపున్నారావు గారిని తీసుకొస్తాను. షాపులో కాదు, ఆగిన చోటే, ఆగినప్పుడే చూడమనండి. మీరూ బండిలో కూర్చోండి మేడం గారూ.”

మేడం గారు! చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి నోట ఆ మాట మొదటిసారి విన్నాను. ఓహో, కోపం కూడానా, అనుకున్నాను. చేసిందంతా చేసి పైగా పౌరుషం!

మర్నాడు మధ్యాహ్నం కాయలు ఎక్కించి, తలుపుకు తాళం వేసి బయలుదేరాం. నేను ముందు సీట్లో. బసవపున్నారావు వెనక తడికల పక్కన ముడుచుకుని, “ఉక్కబోతండీ బాబూ, కాయలతో పాటు నేనూ మగ్గిపోతాను,” అని గొణుగుతున్నాడు. నేను రోడ్డు వంక చూడలేదు. పరదేశి కాళ్ల వంక, చేతుల వంక చూస్తున్నాను. తాళం మీద చెయ్యి పడుతుందేమో, ఏ మీటైనా నొక్కుతాడేమో! అతనికి అది తెలుసు. రెండు చేతులూ స్టీరింగు మీద నాకు కనపడేలా పెట్టుకుని నడిపాడు.

ఎత్తు మొదలైంది. షెడ్డు కనిపించింది. వ్యాను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టినట్టు గుంజుకుంది. పరదేశి పాదం యాక్సిలరేటరు మీద నేలదాకా అదిమే ఉంది, నా కళ్లతో చూశాను. అయినా ఇంజను చచ్చిపోయింది. సరిగ్గా సంతోష్ కుమార్ బోర్డు ఎదురుగా.

మనిషి ఏమీ చేయకుండానే ఆగింది! మరి నిన్నటి ఒట్టు సంగతో? ఆ ఆలోచన గొంతు దాటకుండా మింగేశాను.

“తాళం తిప్పు,” అని వెనక నుంచి బసవపున్నారావు కేకేశాడు. తిప్పాడు. జుయ్యిమనాల్సిన పంపు జలుబు చేసిన మనిషిలా గురగురలాడింది. అతను మళ్లీ ప్లగ్గు ఊడబీకి, మళ్లీ ఆ బల్బే పెట్టాడు. భగ్గున వెలిగింది.

“కరెంటు పుష్కలంగా ఉందండి. నన్నేం చెయ్యమంటారు?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “ఊడబీకి చూస్తే ఎందుకుండదయ్యా? మా తోటలో బోరు మోటారూ అంతే. మోటారు కట్టేసి చూస్తే వోల్టేజీ నిండుగా ఉంటుంది. స్విచ్చి వేశాక కదా చతికిలపడేది! పంపు తగిలించి, అది తాగుతున్నప్పుడు చూడు.”

బసవపున్నారావు నా వంక చూశాడు. సంచిలోంచి మీటరు తీశాడు. “అది నిజమేనండోయ్,” అన్నాడు. ప్లగ్గు తగిలించి, వైర్ల వెనక నుంచి సూదుల్లాంటి మొనలు గుచ్చి, తాళం తిప్పమన్నాడు. బ్యాటరీ దగ్గర పన్నెండు చూపించే మీటరు పంపు దగ్గర ఎనిమిదికి పడిపోయింది.

“దారిలో ఎవరో తినేస్తున్నారండీ,” అన్నాడు.

ఆ మాటకు పరదేశి నా వంక చూశాడు. నేను మీటరు వంక చూశాను.

“రావడం ఒక్కటే కాదండి, వచ్చిన కరెంటు తిరిగి పోవాలి కూడా. ఇదిగో ఈ నల్లవైరు, ఎర్తు. ఇది బాడీకి బోల్టుతో బిగించి ఉంటది.” ఒక మొన ఆ నల్లవైరుకు, ఇంకోటి బ్యాటరీ మైనసుకు పెట్టాడు. “ఇక్కడ మీటరు దాదాపు సున్నా చూపించాలి. నాలుగు చూపిస్తుంది. వచ్చే దారి బాగుంది, పోయే దారే మూసుకుపోయింది. ఆ రోజు బల్బు రెండో కొన బాడీకి పెట్టాను, అందుకే దొరకలేదు. తడికలు దించండి.”

రోడ్డు పక్కన కాయలు దించాం. రబ్బరు పట్టా సగం ఊడి వచ్చింది, సగం రాలేదు. నేలకు అతుక్కుపోయింది. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే కింద నల్లగా, తారులా గట్టిపడిన జిగురు. ఆ జిగురు మధ్యలో బోల్టు తల, దాని చుట్టూ పచ్చటి చిలుము, పక్కన రేకు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తోంది. బసవపున్నారావు గోటితో ఒక పెచ్చు గీకి వాసన చూసి, నా చేతికిచ్చాడు. నేను చూడక్కర్లేదు. దూరం నుంచే తెలిసింది.

“మామిడి సొనండి. పైనుంచి కారి, పట్టా కిందికి పోయి, బోల్టు దగ్గర మడుగు కట్టింది. దాని మీద నీళ్లు. పుల్లటి సొనకి నీళ్లు తోడైతే ఇనుమైనా రాగైనా మిగలదండి. వేడెక్కేకొద్దీ దారి ఇంకా మూసుకుపోద్ది. దానికి తోడు లోడు, దానికి తోడు ఎత్తు. ఇక్కడికొచ్చేసరికి ఇంజను ఎక్కువ పెట్రోలు అడుగుద్ది, పంపు ఇవ్వలేదు. ఖాళీగా, చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తది. కాసేపు ఆగి ఆ బోల్టు చల్లారితే మళ్లీ అందుకుంటది.” నుదురు తుడుచుకుని అసలు మాట అన్నాడు. “ఇంతకీ కాయల్ని చెట్టు కింద కాకుండా బండిలో బోర్లించమని ఏ తెలివైనోళ్లు చెప్పారండి?”

పరదేశి రోడ్డు వంక చూస్తున్నాడు. చెప్పేస్తాడేమోనని చూశాను. చెప్పలేదు.

బసవపున్నారావు ఒక పొడుగాటి వైరు తీసి, పంపు నల్లవైరుకూ బ్యాటరీ మైనసుకూ నేరుగా కలిపాడు. తాళం తిప్పగానే వెనక జుయ్యిమంది, ఇంజను అందుకుంది. ఆ ఎండలో, ఆ ఎత్తు మీద, షెడ్డు ముందే. అంత హాయిగా అది మోగడం నేను ఈ మధ్య వినలేదు.

ఈ గొడవకు సంతోష్ కుమార్ షెడ్డులోంచి నీళ్ల సీసాతో వచ్చాడు. “తీసుకోండి పుష్పవతి గారూ, ఎండ మండిపోతుంది,” అన్నాడు. నేను తీసుకున్నాను, దాహం అలాంటిది. అతను పరదేశి వైపు చెయ్యి చూపించి, “ఇతను మాత్రం తాగడండి. రోజూ ఇక్కడే ఆగుతాడు, ఆ బండి నీడనే నిలబడతాడు. లోపలికొచ్చి కూర్చోవయ్యా, మంచినీళ్లు తాగు అంటే, ‘మా అమ్మాయిగారికి తెలిస్తే బాధపడతారండి’ అంటాడు. ఇదేం చోద్యమో!” అన్నాడు.

నోట్లో నీళ్లు నోట్లోనే ఉండిపోయాయి. సిగ్గేసింది. దాచుకోవడానికి సీసా మూత బిగిస్తూ నిలబడ్డాను, ఎంతకీ బిగియలేదు.

ఇంటికి వస్తుంటే దారిలో నేనే అన్నాను. “సోమవారం అతన్ని రావద్దని చెబుతాలే పరదేశీ.”

“సరేనండి మేడం గారూ.”

“ఇంకా ఆ మేడం ఏంటి?”

అతను గేరు మార్చాడు. “ఒకటి అడగొచ్చాండి? రేపటి కోత చెట్టు కిందే బోర్లిద్దాం, అందరిలాగే. మీరు ఇంటికెళ్లి సుబ్బరంగా అన్నం తినండి. సొన కారాక నేనే ఎక్కించి తీసుకొస్తాను.”

“మరి కాపలా?” అప్రయత్నంగా వచ్చేసింది.

“నేనుంటానుగా.”

“అంతేకదా! అలాగే కానియ్,” అన్నాను. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాను, నమ్మండి.

మర్నాడు చెట్టు కింద గడ్డి పరిచారు. ముచ్చికలు విరిచిన బంగినపల్లి కాయలు వరసలు వరసలుగా బోర్లా పడుకున్నాయి. కోసినవాళ్లు కూలి తీసుకుని వెళ్లిపోయారు. మా ఆయన స్కూటరు మీద నేను ఇంటికి వచ్చాను. కంచంలో ముద్దపప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు. మొదటి ముద్ద దిగింది. రెండో ముద్ద దగ్గర ఆ గడ్డీ, ఆ కాయలూ, దారిన పోయే ఆటోలూ కళ్ల ముందుకు వచ్చాయి. పరదేశి కునుకు తీస్తేనో? బీడీకని రోడ్డు మీదికి పోతేనో? అతని మీద అనుమానం కాదు, సుమా! ఊరికే, ఒకసారి చూసి వస్తే పోయేదేముంది?

క్యారేజీ తీసి అన్నం, పప్పు, ఆవకాయ సర్దాను. పెరుగు గిన్నె పైన పెట్టాను.

“ఎవరికి?” అన్నారు మా ఆయన.

“పరదేశికి. పాపం, ఎండలో ఉన్నాడు.”

“అతను రోజూ ఇంటి నుంచి తెచ్చుకుంటాడుగా?”

“ఇవాళ తెచ్చుకోలేదేమో!”

ఆయన చెయ్యి కడుక్కుని నా వంక చూశారు. మారనిది డ్రైవరొక్కడే అన్న మనిషి ఈయనే. “పుష్పా, వెళ్లకు,” అన్నారు.

“అన్నం ఇవ్వడానికండీ బాబూ! అన్నం పెట్టడం కూడా తప్పేనా?”

తోటలో పరదేశి వ్యాను మెట్టు మీద కూర్చుని, ఆ రబ్బరు పట్టాకు అంటిన జిగురు కత్తితో గీకుతున్నాడు. బండి చప్పుడు విని లేచాడు. నేను క్యారేజీ చాపాను. చాపిన చెయ్యి అతని వైపే ఉంది గానీ, కళ్లు ఆగలేదు. అతని భుజం మీదుగా గడ్డి మీదికి పోయాయి, ఒక వరస చివరి నుంచి ఇంకో వరస చివరికి పోయాయి. తిరిగి వచ్చేసరికి అతను నా కళ్లనే చూస్తున్నాడు.

అతను క్యారేజీ అందుకుని, చెట్టు నీడన కూర్చుని, మెతుకు మిగలకుండా తిన్నాడు. బోరు దగ్గర గిన్నెలన్నీ తోమి, కండువాతో తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కొక్కెం బిగించి తెచ్చి ఇచ్చాడు.

“ఆవకాయ బాగుందండి అమ్మాయిగారూ. నాన్నగారు ఉన్నప్పటి రుచే,” అన్నాడు.

అమ్మాయిగారూ! ఆ పిలుపు చెవిన పడగానే నా ప్రాణం లేచొచ్చింది. పోనీలే, కోపం దిగింది, అన్నం పెట్టిన వేళ మంచిది అనుకున్నాను. బండెక్కి, “చూశారా, వెళ్లొద్దన్నారు! మనిషిని ఎలా మెత్తబరచాలో నాకు తెలుసు,” అని మా ఆయన వీపు మీద పొడిచాను. ఆయన బండి పోనిచ్చారు.

రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా క్యారేజీలో ఏదో గలగలమంటోంది. చెంచా వేయలేదే అనుకున్నాను. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు భరించలేక ఆపమన్నాను. షెడ్డు ముందే ఆపారు. కొక్కెం తీశాను. పై గిన్నె ఖాళీ. దాని కింది గిన్నెలో, తళతళా తోమిన అడుగున, వ్యాను తాళంచెవి ఉంది. నాన్న కట్టిన ఎర్రతాడు దానికి ఇంకా ఉంది.

వెనక్కి తిప్పమని అరిచాను. తోటకు వచ్చేసరికి వ్యాను తలుపు మూసి ఉంది. గీకిన పట్టా శుభ్రంగా మెట్టు మీద ఆరేసి ఉంది. పరదేశీ అని కేకేశాను. బోరు దగ్గర చూశాను, కంచె అవతల చూశాను. పొలాలకు అడ్డంపడి వాళ్ల ఊరి దారి పట్టి ఉంటాడు. మా ఆయన నా మొహం చూసి, అతన్ని వెతకడానికి బండి తిప్పుకుని వెళ్లారు.

నాకు వ్యాను నడపడం రాదు. గడ్డి మీద కాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ముచ్చికల దగ్గర ఇంకా సొన కారుతోంది. ఏ వరసలోనూ సందు లేదు. తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని చెట్టు మొదట్లో చతికిలబడ్డాను. ఎండ వాలేదాకా ఆ కాయలకు కాపలా కూర్చున్నాను. ఎవరూ రాలేదు.